కంప్యూటర్ ‘లేదు’ అన్నప్పుడు

సత్యవేడు, నగరి, తడ, తిరుత్తణి, గుమ్మిడిపూండి ప్రాంతాల వారికి ఈ అనుభవం కొత్తది కాదు. భూమి కాగితం కోసమో, మరో పని మీదో చెన్నై వెళ్తారు. కౌంటరులో గుమస్తాగారు మీ పేరు, ఊరు, సర్వే నంబరు అడిగి, మీటలు నొక్కి, ‘‘ఏమీ లేదండీ’’ అంటారు. పట్టా మీ చేతిలోనే ఉంది. పొలమూ ఉన్నచోటే ఉంది. కంప్యూటర్ మాత్రం లేదంటోంది. ఆ ‘లేదు’ ఎక్కడి నుంచి వస్తుందో ఈవేళ చూద్దాం. కౌంటరుకు ఇవతల నిలబడే వారికీ, తరమణి వైపు కంపెనీల్లో అవతల కూర్చుని పనిచేసే మన పిల్లలకూ ఇది పనికొచ్చే సంగతే.

కంప్యూటర్లో ఇలాంటి వివరాలను ఎక్కువగా రిలేషనల్ డేటాబేస్ అనే పద్ధతిలో దాస్తారు. 1970లో ఐ.బి.ఎం. సంస్థలో పనిచేస్తుండిన ఎడ్గర్ కాడ్ అనే ఆయన ప్రతిపాదించిన పద్ధతి ఇది. చూడటానికి మన కరణంగారి అడంగల్ లాంటిదే. అడ్డ వరుసకు ఒక భూమి, నిలువు గడికి ఒక వివరం. దాన్ని మనం అడిగే ప్రశ్నను క్వెరీ అంటారు. కరణంగారికీ దానికీ తేడా ఒకటుంది. కరణంగారు మీ ముఖం చూసి, మీ నాన్నగారి పేరు తలచుకుని, కాస్త తప్పుగా అడిగినా మీ పొలం చూపించేవారు. క్వెరీకి ఆ దయ లేదు. అడిగిన అక్షరానికి అక్షరం సరిపోతేనే ‘ఉంది’ అంటుంది. కాబట్టి ‘లేదు’ అంటే ‘మీరు అడిగిన తీరులో లేదు’ అని మాత్రమే అర్థం.

సర్వే నంబరునే తీసుకోండి. ఒకచోట 45 గీత 2ఏ అని వాలుగీతతో రాస్తారు, ఇంకొకచోట అడ్డగీతతో. కంప్యూటర్‌కు అవి రెండూ వేర్వేరు. చివర కంటికి కనబడని ఒక ఖాళీ జాగా పడినా అంతే. అదీ కాక, సర్వే నంబరును అక్షరాలుగా దాస్తే వరుస పెట్టమన్నప్పుడు 10 ముందు వచ్చి 2 వెనక వస్తుంది. నిఘంటువులో మాటల్లాగా మొదటి అక్షరం చూస్తుంది కనుక ఒకటి రెండుకంటే ముందన్నమాట. పట్టికలో నంబరు కోసం కంటితో వెతికేవారు 2 ఉండవలసిన చోట చూసి, లేదనుకుని, పుస్తకం మూసేస్తారు.

ఖాళీ గడి సంగతి ఇంకా విచిత్రం. ‘జిల్లా చెన్నై కాని వారందరినీ చూపించు’ అని అడిగితే, జిల్లా గడి ఖాళీగా ఉన్నవారు రారు. ‘చెన్నై అయినవారిని చూపించు’ అన్నా రారు. ఖాళీ అంటే తెలియదని అర్థం. తెలియనిదాన్ని కంప్యూటర్ అవుననీ అనదు, కాదనీ అనదు. ఖాళీగా ఉన్నవారిని విడిగా అడగాలి.

ఇక జిల్లా పేర్లు. మన సరిహద్దు వాసులకు అసలు తంటా ఇక్కడే. 1955లో తిరుత్తణి దగ్గర రాసిన దస్తావేజులో ‘చిత్తూరు జిల్లా, ఆంధ్ర రాష్ట్రం’ అని ఉంటుంది. 1960 ఏప్రిల్ 1న తిరుత్తణి మద్రాసు రాష్ట్రానికి వెళ్ళి చెంగల్పట్టు జిల్లాలో చేరింది. అదే రోజున సత్యవేడు వైపు ఊళ్ళు కొన్ని చెంగల్పట్టు నుంచి చిత్తూరుకు వచ్చాయి. 1969లో మద్రాసు రాష్ట్రం తమిళనాడు అయింది. 1996లో మద్రాసు నగరం చెన్నై అయింది. 1997లో తిరుత్తణి తిరువళ్ళూరు జిల్లాలోకి, 2022లో సత్యవేడు తిరుపతి జిల్లాలోకి వచ్చాయి. పొలం గట్టు అంగుళం జరగలేదు, చిరునామా మాత్రం మాటిమాటికీ మారింది. ఇప్పటి పేరుతో అడిగితే పాత కాగితం దొరకదు, పాత పేరుతో అడిగితే కొత్తది దొరకదు.

అందుకని డేటాబేస్ కట్టేవారు సొంత టైపులు చేసుకుంటారు. టైపు అంటే ఆ గడిలో ఏ జాతి వస్తువు పట్టాలో చెప్పే కట్టుబాటు. 1986లో అమెరికాలోని బర్క్‌లీ విశ్వవిద్యాలయంలో మైకేల్ స్టోన్‌బ్రేకర్ పోస్ట్‌గ్రెస్ అనే డేటాబేస్ మొదలుపెట్టినప్పుడు, వాడుకునేవారే తమ టైపులు, తమ రూల్స్ తయారుచేసుకునే వీలు ఉండాలన్నది ఆయన ఉద్దేశాల్లో ఒకటి. అదే నేటి పోస్ట్‌గ్రెస్ క్యూ ఎల్. ఆమోదించిన జిల్లా పేర్లే పట్టే టైపు ఒకటి అందులో చేయవచ్చు. పేరు తప్పుగా కొడితే వెంటనే తప్పని గట్టిగా చెబుతుంది. అది మంచిదే. నోరు మూసుకుని ‘లేదు’ అనేదానికంటే అరిచే యంత్రం నయం. కాని ఒకసారి ఆ జాబితాలో చేర్చిన పేరును తీసేయడానికి వీలుండదు. వరుస పెట్టమంటే అక్షర క్రమంలో రాదు, జాబితా చేసిన క్రమంలో వస్తుంది. ఇది తెలియక తికమకపడేవారు చాలామంది. మాటిమాటికీ మారే జిల్లాలకు ఇలాంటి టైపు తగదని నా అభిప్రాయం. ఏ తేదీ నుంచి ఏ తేదీ వరకు ఏ పేరో రాసిపెట్టే ఒక వేరు పట్టిక మేలు.

విస్తీర్ణం మాటకు వస్తే, ఆంధ్రలో ఎకరాలు, సెంట్లు. ఎకరానికి నూరు సెంట్లు. తమిళనాడు పట్టాలో హెక్టార్లు, ఆర్లు. అటు సున్నా హెక్టార్ల 50.5 ఆర్లు ఉన్న చెక్క ఇటు దాదాపు ఎకరా పాతిక సెంట్లు. రెండింటినీ ఒకే గడిలో పోసి ‘ఒకటికి మించినవి చూపించు’ అంటే, అటు రైతు కనపడడు. తెలంగాణలో మరీ చిక్కు. అక్కడ ఎకరానికి 40 గుంటలు. రెండెకరాల ఇరవై గుంటలను 2.20 అనీ, ఎకరా ముప్ఫై గుంటలను 1.30 అనీ రాసి కూడితే కంప్యూటర్ 3.50 అంటుంది. నిజానికి అది నాలుగెకరాల పది గుంటలు. కూడిక తప్పు కాదు, టైపు తప్పు. ఎకరాలు, గుంటలు రెండుగా పట్టే టైపు చేసి, దానికి తగిన కూడిక నేర్పాలి. లేదా అన్నీ చదరపు మీటర్లలో దాచి, చూపించేటప్పుడు మార్చాలి. నాకు రెండోదే ఇష్టం. నేర్పవలసినది తక్కువ, మరిచిపోవడానికీ తక్కువ.

ఇక రూల్స్. పోస్ట్‌గ్రెస్‌లో రూల్ అంటే మీరు అడిగిన ప్రశ్నను దారిలోనే మార్చి రాసేది. పాత రికార్డు ఎవరూ కొట్టేయకూడదని ‘తొలగించమంటే ఏమీ చేయవద్దు’ అని ఎవరో ఎప్పుడో రూల్ పెట్టి ఉంటారు. తరువాత వచ్చిన ఉద్యోగి ఒక వరుసను తొలగించమంటాడు. తప్పని రాదు, ‘సున్నా వరుసలు తొలగించాను’ అని మర్యాదగా జవాబు వస్తుంది. వరుస అలాగే ఉంటుంది. ఆయన క్వెరీని పదిసార్లు దిద్దుకుంటాడు. దిద్దవలసింది అక్కడ లేదు. ఇంకొక రకం ఉంది. కొత్త వరుస చేరగానే దాని వరుస సంఖ్యను చిట్టాలో కూడా రాయమని రూల్ పెడితే, సంఖ్య ఇచ్చే పని రెండుసార్లు జరిగి, అసలులో 101, చిట్టాలో 102 పడవచ్చు. రూల్ విలువను మోసుకుపోదు, ఆ విలువను పుట్టించే మాటనే రెండుచోట్లా పెడుతుంది. అందుకే ఇలాంటి పనులకు ట్రిగ్గర్లు వాడడం మంచిది.

కాబట్టి, అవతల కూర్చున్న అబ్బాయీ, అమ్మాయీ, జవాబు వింతగా ఉంటే క్వెరీతో కుస్తీ పట్టేముందు పట్టిక వర్ణన తెప్పించుకు చూడండి. బ్యాక్‌స్లాష్, డి, పక్కన పట్టిక పేరు కొడితే చాలు. ఏ గడి ఏ టైపో, ఏ రూల్స్ పొంచి ఉన్నాయో అక్కడే కనబడుతుంది. తరువాత షరతులన్నీ తీసేసి, ఒక్కొక్కటే చేరుస్తూ అడగండి. ఏ షరతు చేర్చగానే వరుస మాయమైందో అక్కడే దోషం.

ఇవతల నిలబడిన మీరు కూడా అదే అడగవచ్చు. ‘‘పేరు వదిలేసి సర్వే నంబరుతో చూడండి. ఉపవిభాగం వదిలేసి 45 అని మాత్రం కొట్టండి. 1960కి ముందు మాది చిత్తూరు జిల్లా, ఆ పేరుతో కూడా ఒకసారి చూడండి’’ అనండి. పాత దస్తావేజు నకలు తప్పక వెంట తీసుకెళ్ళండి. అందులో జిల్లా, తాలూకా పేర్లు ఎలా రాసి ఉన్నాయో అలాగే చదివి వినిపించండి.