జటామాంసీ శబ్దార్థ విచారము

అమరకోశములోని వనౌషధివర్గమును పాఠము చెప్పునపుడు పర్యాయపదములు, లింగనిర్ణయము, వ్యుత్పత్తి చెప్పి, పదార్థము కడకు వచ్చుసరికి "ఓషధీవిశేషము" అని ముగించుట మనలో చిరకాలముగా ఉన్న వాడుక. పరీక్షకు ఇది చాలును, శబ్దార్థజ్ఞానమునకు చాలదు. శక్తిగ్రహమునకు తార్కికులు చెప్పిన ఎనిమిది ఉపాయములలో కోశము ఒకటి మాత్రమే. వ్యవహారము, ఆప్తవాక్యము, సిద్ధపదసాన్నిధ్యము మున్నగునవియు తోడ్పడినగాని ఏ శబ్దము ఏ వస్తువును చెప్పునో నిశ్చయము కాదు. ఇందులకు జటామాంసి మంచి ఉదాహరణము.

ఈ మొక్క హిమాలయములలో సుమారు 3,000 మీటర్లకు పైబడిన చలిప్రదేశములలో పెరుగును. ఉత్తరాఖండ్, సిక్కిం, నేపాళము, భూటాన్ దీనికి నెలవులు. ఎండిపోయిన ఆకుల తొడిమలు నారగా మారి వేరుదుంపను ఎర్రని గోధుమరంగు వెండ్రుకలవలె చుట్టుకొని ఉండును. జటామాంసి, జటిల, లోమశ అను పేర్లన్నియు ఈ ఒక్క లక్షణమునుండి పుట్టినవే. తపస్విని అను పేరునకును జటలే కారణమని తోచును. జటలు కలది ఏదైనను యోగార్థముచేత జటిల కావచ్చును. ఈ ఓషధియందే ఆ శబ్దము నిలుచుట రూఢిచేత. కావున దీనిని యోగరూఢమనుట సముచితము.

ఆధునిక వృక్షశాస్త్రములో దీని పేరు నార్డోస్టాకిస్ జటామాంసి. పూర్వము దీనిని వలేరియనేసీ కుటుంబమున చేర్చెడివారు. 2009లో వెలువడిన ఏ.పి.జి. మూడవ వర్గీకరణము ఆ కుటుంబమును కాప్రిఫోలియేసీలో కలిపినది. లాటిను భాషలో కాప్రిఫోలియమ్ అనగా "మేక ఆకు". మనము చెప్పవలెనన్న అజపత్రము. తోటలలో పెంచెడి హనీసకిల్ తీగ, అనగా లోనిసెరా, ఈ కుటుంబమునకు ప్రసిద్ధ ప్రతినిధి. ఎదురెదురుగా పుట్టు ఆకులు, గొట్టమువలె కలిసిన పూరేకులు, పూరేకులకు దిగువనుండు అండాశయము ఈ కుటుంబములో సామాన్యముగా కనబడు లక్షణములు. లతయైన లోనిసెరాకును, నేలనంటి పెరుగు జటామాంసికిని చూపునకు పోలిక లేకున్నను, పుష్పనిర్మాణము, జన్యుపరీక్షలు వాని బంధుత్వమును చాటుచున్నవి.

ఇక పేరు తారుమారైన చరిత్ర. గ్రీకులు, రోమనులు మెచ్చిన "నార్డ్" అను సుగంధద్రవ్యము ఏదని సర్ విలియం జోన్స్ విచారించి, 1790లో ఏషియాటిక్ రిసెర్చెస్ రెండవ సంపుటములో వ్యాసము ప్రకటించెను. అరబ్బుల సుంబుల్, సంస్కృతముల జటామాంసి ఒకటేయని ఆయన తేల్చిన మాట సత్యము. అయితే వలేరియానా జటామాంసి అని ఆయన పెట్టిన పేరు వేరొక మొక్కకు అంటుకొన్నది. మన సామర్లకోటలో చాలకాలము వృక్షపరిశోధన చేసి, 1793లో కలకత్తా ఉద్యానమునకు అధిపతియైన విలియం రాక్స్‌బరో కూడ ఈ చర్చలో పాల్గొనెను. తరువాత 1830లో డీకాండోల్ అసలు మొక్కను నార్డోస్టాకిస్ అను ప్రత్యేక ప్రజాతిగా నిలిపెను. కాని నామకరణ నియమముల ప్రకారము ముందు పెట్టిన పేరు చెల్లుబాటగును గనుక, నేటికిని వలేరియానా జటామాంసి అను పేరు గల మొక్క జటామాంసి కాదు, అది తగరము. తెలుగు నిఘంటువులలోని గ్రంథితగరము ఇదియే.

రెంటికిని భేదము స్పష్టము. తగరమునకు కేసరములు మూడు, జటామాంసికి నాలుగు. తగరపు వేరుదుంప కణుపులు గలిగి జటలు లేక ఉండును, ఆకులు హృదయాకారములు. అది జటామాంసి కంటె తక్కువ ఎత్తులలోనే దొరకును. మన శాస్త్రకారులకు ఈ భేదము తెలియును. భావమిశ్రుడు కర్పూరాదివర్గములోనే తగరమును, జటామాంసిని వేర్వేరుగా పఠించినాడు. చరకసంహిత సూత్రస్థానము నాల్గవ అధ్యాయములో సంజ్ఞాస్థాపన గణమున జటిల చెప్పబడినది. లాటిను పేరును మాత్రమే నమ్మి అనువదించువారు ఈ పృథక్పాఠమును చూడరేని, తగరగుణములను జటామాంసికి అంటగట్టుదురు.

నలద శబ్దము మరియొక చిక్కు. అమరసింహుడు దీనిని ఉశీరమునకు, అనగా వట్టివేరునకు, పర్యాయముగా చెప్పెను. సందర్భమును బట్టి మాంసి అని అర్థము చెప్పినవారును కలరు. గ్రీకు "నార్దోస్" నలద శబ్దమునుండి వచ్చినదని భాషాశాస్త్రజ్ఞులలో పలువురి అభిప్రాయము. క్రీస్తుశకము ఒకటవ శతాబ్దపు పెరిప్లస్ గ్రంథము గంగాప్రాంతపు నార్డ్ ముజిరిస్ రేవునుండి ఎగుమతి అగుచుండెనని తెలుపుచున్నది. తెలుగు బైబిలు అనువాదకులు సువార్తలలోని నార్డ్‌కు జటామాంసి అనియే వ్రాసిరి. శబ్దచరిత్రను ఎరిగి చేసిన అనువాదమిది.

ఈ విచారము కోశపండితుల వినోదము మాత్రమే కాదు. జటామాంసిలో వాడుకైన భాగము భూగర్భమందలి వేరుదుంప. దానిని త్రవ్వినచో మొక్కయే పోవును. అందుచేత 1997లో ఈ ఓషధి అంతర్జాతీయ వ్యాపారనియంత్రణకై సైటీస్ ఒప్పందపు రెండవ అనుబంధమున చేర్చబడినది. ప్రకృతి పరిరక్షణ సంఘము వారి ఎర్రజాబితాలో ఇది తీవ్రముగా అంతరించు ప్రమాదమున్న జాతి. వస్తువు దుర్లభమైన కొలది దాని పేరుతో వేరొకటి అమ్ముడుపోవుట సహజము. అట్టిచో శబ్దార్థసందేహము రోగి నోటిలోనికే పోవును.

కావున వనౌషధివర్గమును బోధించు అధ్యాపకులు మూడు పనులు చేయుట మేలు. మొదట, పర్యాయములలో ఏది లక్షణమును చెప్పుచున్నదో విడదీసి చూపవలెను. పిదప, అదే శబ్దమును వైద్యనిఘంటువులు ఏ వర్గమున, ఏ పదముల సరసన పఠించినవో చూడవలెను. చివరగా, ద్రవ్యమును ఎరిగిన వైద్యునివద్ద వస్తువును శిష్యులకు కన్నులార చూపవలెను. జటలతో కూడిన ఆ చిన్న వేరుముక్కను ఒక్కమారు చేతికిచ్చి వాసన చూపినచో, జటిల యనగా ఏమో శిష్యుడు మరల అడుగడు.