సంచారజాతులు, సమానహక్కులు: ఆదవాని, యెమ్మిగనూరు సీమలోని బుడగ జంగములు

శతాబ్దముల క్రిందట భారతదేశమును విడచి పశ్చిమమునకు తరలిపోయిన రోమాజాతి జన్మస్థానమును నిర్ణయించినవి శాసనములు కావు, వంశచరిత్రలు కావు. ఆ జాతి భాషయే. 1782లో జర్మను పండితుడు రూడిగర్ ఆ భాషను హిందూస్థానీతో పోల్చి చూచి, అది భారతీయమని నిరూపించెను. వారు మానవుని 'మనుష్' అందురు; నీటిని 'పానీ' అందురు; రెంటిని 'దుయ్' అనియు, పదిని 'దేష్' అనియు లెక్కింతురు. ఏడు, ఎనిమిది, తొమ్మిది సంఖ్యలకు మాత్రము గ్రీకు పదములను వాడుదురు. పుట్టిన చోటును, నడచిన త్రోవయు ఒక్క సంఖ్యావాచకముల పట్టికలోనే కానవచ్చుచున్నవి.

వ్రాతలేని జాతికి భాషయు, పాటయు దస్తావేజులు. ఈ సూత్రమును మన సీమకు అన్వయించి చూచుటయే ఈ వ్యాసము యొక్క ఉద్దేశము.

కర్నూలు జిల్లా పశ్చిమభాగమున ఆదవాని, యెమ్మిగనూరు పట్టణముల పరిసరములలో పెక్కు సంచారజాతులు కలవు. సుగాలీల భాష ఆర్యభాషలలోనిది. ఎరుకల భాష ద్రావిడము, తమిళమునకు చేరువైనది. బుడగ జంగముల మాతృభాష తెలుగు. సుగాలీలే రోమాజాతికి మూలపురుషులని కొందరందురు. రెండును ఆర్యభాషలగుటచే కొన్ని మాటలు కలియుట సహజము. అంతమాత్రమున ఒకటి రెండవదాని నుండి పుట్టెననుటకు వీలులేదు. ఈ జాతుల సామ్యమును రక్తసంబంధమున కంటె, వారు ప్రభుత్వముల వలన పడిన పాట్లలో వెదకుట మేలు.

1871లో పుట్టిన నేరస్థజాతుల చట్టము 1911లో మదరాసు రాజధానికి విస్తరించెను. జాబితా కెక్కిన జాతివారు వ్రేలిముద్ర లియ్యవలెను. పోలీసుల యెదుట హాజరు పలుకవలెను. అనుమతిచీటి లేక ఊరు దాటరాదు. స్టూవర్టుపురము, సిద్ధాపురము మున్నగు సెటిల్మెంటులు అట్లు వెలసినవే. 'దొంగ బోయలు', 'దొంగ ఊరు కొరచలు' అని జాతినామమునకే నేరము విశేషణమయ్యెను. ఆ మరుసటి యేడే, 1912లో, ఫ్రాన్సు దేశము సంచారులకు కొలతలతోను వ్రేలిముద్రలతోను కూడిన గుర్తింపు పుస్తకములను విధించి, ప్రతి మజిలీలోను వానిపై ముద్ర వేయించుకొనవలెనని శాసించెను. తిరుగువాడు అనుమానింపదగినవాడను భావము రెండు ఖండములలోను ఒక్కటియే. మన చట్టము మదరాసులో 1947లోను, దేశమంతటను 1952 ఆగస్టు 31వ తేదీనను రద్దయ్యెను. చట్టము పోయినను, ఆ జాతులవారిపై అనుమానము ఊళ్లలో నిలిచియే యున్నది.

ఇక బుడగ జంగముల విషయము. ప్రధానకథకుడు తంబుర మీటుచు, వ్రేలి అందెతో తాళము వేయుచు కథ నడపగా, ఇంటి ఆడువారు వాద్యములతో వంతపాడుదురు. బాలనాగమ్మ, కాంభోజరాజు, కుమారరాముడు మున్నగు కథలు వీరి నోట తరతరములుగా నిలిచినవి. ఈ సంప్రదాయము నుండి రూపొందిన బుర్రకథను 1940వ దశకమున ప్రజానాట్యమండలి సభావేదికల కెక్కించెను. షేక్ నాజరు ఆ కళకు ప్రసిద్ధి తెచ్చి 1986లో పద్మశ్రీ పొందెను. కళ యింతగా ఎదిగినను, దానిని కాపాడిన జాతి యాచకవృత్తిలోనే చాలకాలము మిగిలిపోయెను. 1938లో యెమ్మిగనూరు నేతగాండ్రు మాచాని సోమప్ప నాయకత్వమున సహకారసంఘముగా ఏర్పడి నిలదొక్కుకొనిరి. వారికి మగ్గము కలదు, ఇల్లు కలదు, ఊరిలో చిరునామా కలదు. సంచారి కీ మూడును లేవు.

ఆదవాని, ఆలూరు తాలూకాలు 1953 అక్టోబరు 1వ తేదీ వరకు బళ్లారి జిల్లాలోనివి. నాడు ఆ జిల్లా చీలగా, ఈ రెండును కర్నూలులో చేరెను. బళ్లారి మైసూరు కేగెను. ఒక్క జాతివారే రెండు రాష్ట్రములవారైరి. కర్ణాటకమున బుడగ జంగములు షెడ్యూల్డు కులములలోనివారు. బళ్లారి జిల్లా దరోజి గ్రామమున జీవించి 2014లో గతించిన బుర్రకథ ఈరమ్మ ఈ జాతి స్త్రీయే. హంపిలోని కన్నడ విశ్వవిద్యాలయము ఆమెను 'నాడోజ' బిరుదముతో గౌరవించెను. ఆంధ్రప్రదేశమున 1976 నాటి సవరణచట్టము ప్రాంతపరిమితిని తొలగించి, రాష్ట్రమందలి బుడగ జంగముల నందరిని ఆ కులముల జాబితాలో నుంచెను. 2002 నాటి సవరణ ఆ గుర్తింపును తెలంగాణ జిల్లాలకు పరిమితము చేసెను. దానితో రాయలసీమవారు జాబితా వెలుపల పడిరి. పాట మారలేదు, భాష మారలేదు. జిల్లా పేరు మాత్రమే బాలుని చదువును, ఉద్యోగమును నిర్ణయించెను. సుగాలీల స్థితియు విచిత్రమే: వారు ఆంధ్రమున షెడ్యూల్డు తెగ, కర్ణాటకమున షెడ్యూల్డు కులము.

చిక్కంతయు పేరులో కలదు. 'జంగము' అను మాట లింగధారులైన వీరశైవ గురువులకును చెల్లును, ఇంటింట కథ చెప్పి యాచించు ఈ గాయకులకును చెల్లును. కర్ణాటకమున ఈ నామసామ్యము చిరకాల వివాదములకు కారణమయ్యెను. పేరు నొక్కదానినే ప్రమాణముగా గొన్నచో, అర్హుడు త్రోసివేయబడవచ్చును, అనర్హుడు లోనికి రావచ్చును. ఈ ఇద్దరిని వేరుపరుపగల సాక్ష్యము మరియొకటి కలదు: వాద్యము, కథాసంపద, వంతపాటలో స్త్రీల స్థానము, ఇంటి పలుకుబడి. ఇది తెలుగుశాఖలకు పరిచితమైన సామగ్రియే. 2008లో నివేదిక నిచ్చిన రేణకే కమీషను మున్నగునవి సంచారజాతుల స్థితిని విచారించినవి. అట్టి విచారణలకు జానపద పరిశోధకుని సేకరణ ఆధారము కావలెను.

కావున, పాటను సేకరించు విద్యార్థి దాని పాఠమును మాత్రమే వ్రాసికొని రారాదు. గాయకుడు తన జాతిని ఏ పేరుతో చెప్పుకొనును, ఊరివారు ఏ పేరుతో పిలుతురు, బంధువులు తుంగభద్ర కావల ఏ గ్రామమున నున్నారు, వారక్కడ ఏ జాబితాలోనివారు అను సంగతులను కూడ, వారి సమ్మతితో, నమోదు చేయవలెను. ఆ ప్రతి యొకటి గాయకుని ఇంటను ఉండవలెను. మన గ్రంథాలయములలో ఆ కథలకు చోటు దొరకినది. చెప్పినవాని బిడ్డకు పాఠశాలలోను, కచేరీలోను సమానమైన చోటు దొరకుటకు ఆ కాగితము కొంత తోడ్పడవచ్చును.