కోడెదూడ నోరు ఎందుకు తెరిచి చూస్తారు?

కర్ణాటకలో, దొడ్డబళ్ళాపురం దగ్గరి ఘాటి సుబ్రహ్మణ్యలో ఏటా చలికాలంలో పశువుల జాతర జరుగుతుంది. అక్కడ హళ్ళికార్ జాతి కోడెల్ని కొనడానికి వచ్చిన రైతు ముందు చేసే పని దూడ నోరు తెరవడం.

ఎందుకు? వయసు తెలుసుకోడానికి. ఆవు జాతికి పైదవడ ముందుభాగంలో పళ్ళే ఉండవు, గట్టి చిగురే! కింద ఎనిమిది చిన్న పాలపళ్ళు ఉంటాయి. సుమారు రెండేళ్ళు దాటాక నడిమి జత ఊడి, వెడల్పాటి పళ్ళు వస్తాయి. అదే ‘రెండు పళ్ళ కోడె’. తర్వాత ఒక్కో జతా మారుతూ, నాలుగేళ్ళు దాటేసరికి ఎనిమిదీ పూర్తవుతాయి. అమ్మేవాడు అబద్ధమాడినా పళ్ళు ఆడవు.

తర్వాత దూడను నడిపిస్తారు. కాళ్ళు నిటారుగా ఉన్నాయా, మోకాళ్ళు రాసుకుంటున్నాయా, గిట్టలు గట్టిగా, దగ్గరగా ఉన్నాయా? కాడి మోయాల్సిన జాతి కదా, నడకే దాని బలం. అదే బ్రెజిల్‌లో అయితే మన ఒంగోలు జాతి పశువుల సంతతిని నెలోర్ పేరుతో మాంసానికి పెంచుతారు. అక్కడ నడుము, తుంటి దగ్గర కండ ఎంత పట్టిందన్నది ముఖ్యం. పని మారితే కొలతా మారుతుంది.

సుడులు చూసి అదృష్టం చెప్పేవాళ్ళూ ఉన్నారు. సుడి అంటే వెంట్రుకలు తిరిగిన తీరు, అంతే. దానికీ బలానికీ సంబంధం లేదు.

ఈసారి జాతరకు వెళ్తే కొమ్ముల రంగు చూసి మురిసిపోకండి, ముందు గిట్టలు చూడండి.