వేసవికి ముందే పెరటి తోట

వై.ఎస్.ఆర్. కడప జిల్లా వేముల మండలం వర్షాభావ ప్రాంతం. వేసవి ముదిరిన కొద్దీ పెరటి మొక్కలకు నీరు అందించుట కష్టమగును. కావున మాఘమాసమే విత్తుటకు అనువైన సమయము.

ఫిబ్రవరి మొదటి వారంలోగా విత్తిన బెండ 45 నుండి 50 రోజులలో, అనగా మార్చి నెలాఖరుకు కాపునకు వచ్చును. తోటకూర నెల రోజులలోపే కోతకు సిద్ధమగును. గోరుచిక్కుడు నీటి ఎద్దడిని కొంత తట్టుకొనును. బీర, కాకర తీగలకు పందిరి అవసరం.

బియ్యం, కూరగాయలు కడిగిన నీటిని సాయంవేళ మొదళ్లకు పోసి, చుట్టూ వేరుశనగ పొట్టు పరచినచో తేమ త్వరగా ఆరిపోదు. సబ్బు నీరు వాడరాదు.

పండ్లు, కూరగాయలు కలిపి రోజుకు కనీసం 400 గ్రాములు తీసుకోవాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ సూచన. కూరగాయల ధరలు పెరిగినపుడు పేద కుటుంబాలు మొదట తగ్గించుకొనేది ఇదే. ఆ లోటును పెరటి తోట కొంతమేర పూరించగలదు.