బంతి చేసిన వింతలు

వర్షము కురిసి వెలిసిన మరునాడు నౌపడ ఉప్పుమళ్ళలోనికి దిగినవారికి ఆ నేల స్వభావమును వేరుగా వర్ణించి చెప్పవలసిన పనిలేదు. వేసిన అడుగు వేసినచోటనే దిగబడును. పైకి తీసిన కాలు పిడికెడు మన్నును వెంటబెట్టుకొని వచ్చును. అట్టి నేలమీద తోలుబంతిని పడవైచి, అది మరల లేచి చేతికి వచ్చునని నిరీక్షించువాడు ఈ సీమలో ఎవ్వడును ఉండడు. అయినను 1936 ఆగస్టు 14వ తేదీన, బెర్లిన్ మహానగరమున, సకల జాతుల క్రీడాకారులు సమావేశమైన ఒలింపిక్ మహోత్సవమునందు, రెండు దేశముల యువకులు సరిగా ఆ సాహసమునకే పూనుకొనవలసి వచ్చినది.

బాస్కెట్‌బాల్ పతకములిచ్చెడి ఒలింపిక్ క్రీడగా పరిగణింపబడినది ఆ సంవత్సరముననే. కప్పుక్రింద ఆడుటకై పుట్టిన ఆ ఆటను నిర్వాహకులు ఆరుబయట, టెన్నిస్ ఆడు మట్టి ఇసుకల మైదానములలో పెట్టించిరి. అమెరికా, కెనడా జట్లు తుదిపోటీకి నిలిచిననాడు జోరున వాన కురిసి మైదానము మడుగైనది. ఈ ఆటకు ప్రాణమనదగిన డ్రిబ్లింగ్, అనగా బంతిని నేలకు కొట్టుచు ముందుకు సాగుట, అసాధ్యమయ్యెను. నేలను తాకిన బంతి అక్కడనే చతికిలబడెను. ఆటగాండ్రు తడిసి జారుచున్న బంతిని చేతినుండి చేతికి అందించుకొనుచు, కాలు నిలువక పడుచు లేచుచు ఆడిరి. కూర్చుండుటకు చోటులేని ప్రేక్షకులు వానలో నిలువబడియే చూచిరి. మొదటి సగము ముగియునప్పటికి అమెరికా 15, కెనడా 4. రెండవ సగమంతయు పెనుగులాడి ఇరుపక్షములవారును చెరి నాలుగు పాయింట్లు మాత్రమే సంపాదింపగలిగిరి. 19–8తో అమెరికా స్వర్ణపతకమును గెలుచుకొనెను.

ఆ ఉత్సవమునకు వచ్చిన పెద్దలలో డాక్టర్ జేమ్స్ నైస్మిత్ ఒకరు. ఈ ఆటను కనిపెట్టినవాడు ఆయనయే. కెనడాలో జన్మించి, అమెరికాలో స్థిరపడి, ఆ దేశపు పౌరుడైన ఆ మహనీయునకు, తన జన్మభూమియు తన నివాసభూమియు తాను సృష్టించిన ఆటలోనే తుదిపోటీకి నిలుచుట, విజేతలకు పతకములను తన చేతులతో అందించుట ఎంతటి భాగ్యము! ఆ ఆట బురదలో కూరుకొనిపోవుట ఎంతటి వింత! ఆ భాగ్యమును ఈ వింతయు ఒక్కనాడే సంభవించుటలో నాకు ఈ క్రీడయొక్క స్వభావమంతయు కనిపించుచున్నది. బాస్కెట్‌బాల్‌లో నేడు శాసనములవలె కనిపించు నియమములలో అనేకములకు వెనుక ఒక అనుకోని సంఘటన, దానితోపాటు ఒక నవ్వు ఉన్నవి. ఆ నవ్వును ఎరుగనివారు ఆ నియమమును సగమే ఎరుగుదురని నా నమ్మకము.

ఆ 1936వ సంవత్సరము మన ప్రాంతమునకును మరపురానిదే. ఏప్రిల్ 1న ఒరిస్సా రాష్ట్రము ఏర్పడినప్పుడు పర్లాకిమిడి అటు చేరెను, నౌపడ ఇటు మిగిలెను. 1900 నుండి ఈ రెండు ఊళ్ళను కలుపుచు నడచిన చిన్నరైలుబండి ఒక్కసారిగా రెండు రాష్ట్రముల బండియైనది. బాస్కెట్‌బాల్ అంతకు పూర్వమే మద్రాసు రాజధానిలో వేళ్ళూనెను. 1920లో హెచ్.సి. బక్ మద్రాసులో నెలకొల్పిన వై.ఎం.సి.ఏ. వ్యాయామ కళాశాలలో తరిఫీదు పొందిన డ్రిల్లు మాస్టర్లు ఎక్కడెక్కడి ఉన్నత పాఠశాలలకో ఈ ఆటను వెంట తీసికొనిపోయిరి. నేటికిని మన విద్యాలయములలో ఇది ఎక్కువగా ఆరుబయటనే సాగుచున్నది. చెడుగుడు కూత వినిపించు మైదానమునకు ప్రక్కగా రెండు ఇనుప స్తంభములు, వానికి రెండు బోర్డులు, వల చినిగిపోయిన రెండు రింగులు: ఈ దృశ్యమును చూడనివారు తక్కువ. సముద్రపుగాలి బలముగా వీచునప్పుడు గురిచూచి వేసిన బంతి ప్రక్కకు తొలగుట, నాలుగు చినుకులు పడగానే సిమెంటు నేల జారుడై ఆట నిలిచిపోవుట తీరవాసులకు పరిచితములే. కావున బెర్లిన్ ఆటగాండ్ర అవస్థను వారికంటె బాగుగా గ్రహింపగలవారు అరుదు.

ఈ ఆట పుట్టుకయే ఒక యాదృచ్ఛికము. 1891 డిసెంబరులో, అమెరికాలోని స్ప్రింగ్‌ఫీల్డ్ పట్టణమున, మంచు కురియు దినములలో విద్యార్థులు శాలలోపల ఆడుకొనదగిన ఆట యేదైన కావలెనని పైవారు కోరగా, నైస్మిత్ 13 నియమములను వ్రాసి, భవనమును కనిపెట్టియుండు సేవకుని రెండు పెట్టెలు తెమ్మని పంపెను. పెట్టెలు దొరకక అతడు రెండు పీచుపండ్ల బుట్టలను తెచ్చెను. శాల చుట్టునుగల మేడవరండా కమ్మికి ఆ బుట్టలను అటొకటి ఇటొకటి కొట్టిరి. ఆ కమ్మి నేలనుండి 10 అడుగుల ఎత్తుననున్నది. ఏ పండితుడును గణించి నిర్ణయింపని ఆ ఎత్తే నాటినుండి నేటివరకు ప్రపంచమునందంతటను ప్రమాణమై నిలిచినది. తొలి ఆటలో పక్షమునకు తొమ్మిదిమంది ఆడిరి. ఆటంతటికిని బంతి ఒక్కమారే బుట్టలో పడెను. బుట్టకు అడుగు ఉండెను గనుక, పడిన బంతిని తీయుటకు నిచ్చెన వేయవలసి వచ్చెను.

మేడమీది ప్రేక్షకులు ఊరకుండిరా? తమ పక్షమునకు సాయపడవలెనను ఉత్సాహముతో చేతులు చాచి, వచ్చుచున్న బంతిని ప్రక్కకు త్రోయసాగిరి. వారి చేతులను అడ్డుకొనుటకై బుట్ట వెనుక తీగలతెర కట్టిరి; అదియే క్రమముగా బోర్డుగా పరిణమించెను. నేడొక ఆటగాడు పరుగెత్తుచు వచ్చి, బంతిని బోర్డుకు మృదువుగా తాకించి రింగులోనికి జార్చునప్పుడు మనము ముగ్ధులమై చూచుచున్నాము. ఆ సౌందర్యము కొందరు అల్లరి ప్రేక్షకులు మనకిచ్చిన వరము. ఇంకొక విశేషము కూడ చెప్పవలెను. నైస్మిత్ తరువాత కాన్సస్ విశ్వవిద్యాలయ జట్టుకు తొలి కోచ్ అయి, 55 ఆటలు గెలిచి 60 ఆటలు ఓడెను. ఆ జట్టును నడిపిన కోచ్‌లలో గెలుపులకంటె ఓటములు అధికముగా గలవాడు ఆటను సృష్టించిన ఆయన ఒక్కడే. ఈ సంగతి ఆయన గౌరవమును నా దృష్టిలో రవంతయు తగ్గింపలేదు. ఆటను గెలుపుకొరకు గాక ఆటకొరకే సృష్టించిన మనిషియని తెలియజేయుచున్నది.

ఈ ఆటలో చిత్రములు ఇంత విరివిగా జరుగుటకు కొలతలలోనే కారణము కలదు. రింగు వ్యాసము 18 అంగుళములు; బంతి వ్యాసము సుమారు తొమ్మిదిన్నర. నిట్టనిలువుగా దిగివచ్చు బంతికి ఆ ద్వారము విశాలము. దూరమునుండి వాలుగా వచ్చు బంతికి అదే ద్వారము సన్నని సందు. అందువలన బంతి ఒకప్పుడు అంచుమీద గిరగిర తిరిగి బయటికి దొర్లును, ఒకప్పుడు అసంభవమనిపించు చోటునుండి వచ్చి తిన్నగా లోనికి దిగును, ఒకప్పుడు రింగునకును బోర్డునకును నడుమ ఇరుక్కొని ఎటును కదలదు.

ఆడకుండుటయే ఆటగా మారిన రోజొకటి కలదు. 1950 నవంబరు 22న ఫోర్ట్ వేన్ పిస్టన్స్ జట్టు, నాటి మేటి జట్టయిన మినియాపొలిస్ లేకర్స్‌ను ఎదిరించుటకు, బంతిని చేతబట్టుకొని కాలము గడపుట అను ఉపాయమును పన్నెను. అట్లు చేయరాదను నియమము అప్పటికి లేదు. 48 నిమిషముల ఆట ముగియునప్పటికి పిస్టన్స్ 19, లేకర్స్ 18. ఓడిన జట్టు చేసిన ఆ 18లో 15 పాయింట్లు జార్జ్ మైకన్ ఒక్కడు చేసినవే. ఇట్టి ఆటలను చూచుటకు జనులు డబ్బిచ్చి వచ్చుట మానుదురను భయము పుట్టగా, సిరక్యూస్ జట్టు యజమాని డానీ బియసోన్ ఒక సామాన్యమైన లెక్క వేసెను. మంచి ఆటలో ఇరుజట్లును కలిసి సుమారు 120 పర్యాయములు బంతిని రింగువైపు వేయును. 48 నిమిషములనగా 2,880 సెకండ్లు. భాగించిన 24 వచ్చును. 1954 నుండి ఏ జట్టైనను 24 సెకండ్లలోపల బంతిని వేసితీరవలెనను నియమము అమలులోనికి వచ్చెను. దీని తరువాయి భాగము మరింత రమ్యమైనది. ఆ పిస్టన్స్ జట్టే డెట్రాయిట్ నగరమునకు తరలిపోయి, 1983 డిసెంబరు 13న డెన్వర్ జట్టును మూడు అదనపు ఘట్టముల అనంతరము 186–184తో గెలిచెను. ఈ జట్లు ఆడు అమెరికా వృత్తిక్రీడాకారుల లీగైన ఎన్.బి.ఏ. చరిత్రలో అత్యల్పమైన స్కోరును అత్యధికమైన స్కోరును ఒక్క జట్టు పేరిటనే నిలిచియుండుటకంటె చిత్రమేమి కలదు?

నాకు మిక్కిలి ప్రియమైన ఘట్టము 1967 నవంబరు 13న డాలస్ నగరమున జరిగినది. ఇండియానా జట్టు రెండు పాయింట్లు వెనుకబడియున్నది. మిగిలినది ఒక్క సెకండు. జెర్రీ హార్క్‌నెస్ అను ఆటగాడు కోర్టు ఈ కొననుండి ఆ కొనకు, దాదాపు 90 అడుగుల దూరము, బంతిని బలమంతయు కూర్చి విసరెను. అది పోయి పోయి రింగులో పడెను. ఆటగాండ్రందరును స్కోరు సమమైనదని తలచి, అదనపు ఘట్టమునకు సిద్ధపడసాగిరి. దూరమునుండి వేసిన బంతికి మూడు పాయింట్లు ఇచ్చుట, ఎన్.బి.ఏ. గాక ఆ జట్లు ఆడుచున్న వేరొక లీగునందు అప్పుడే క్రొత్తగా ప్రవేశపెట్టిన నియమము. అది అలవాటుకాని ఆటగాండ్రకు తోచనేలేదు. ఇండియానా 119–118తో గెలిచినదని రిఫరీ చెప్పవలసివచ్చెను. తాము గెలిచితిమని తమకే తెలియని విజేతలను క్రీడాచరిత్రలో ఇంకెక్కడ చూడగలము? గెలుపు కబురుగా ఒకరు వచ్చి చెప్పిన ఆ క్షణమున వారి ముఖములు ఎట్లుండెనో యని తలచుకొన్నప్పుడెల్ల నాకు మనస్సు నిండును.

మనుష్యులే కాక ప్రకృతియు ఈ ఆటలో చేయిచేసికొనుచుండును. 1986 జనవరి 5న సియాటిల్ నగరములో, కప్పుగల శాలలోనే, పైకప్పు కారి కోర్టు తడియుటవలన ఆటను నిలిపివేసి మరునాడు పూర్తిచేసిరి. బెర్లిన్ వాన ఏబదియేండ్లకు ఇంటిలోనికే వచ్చినదన్నమాట. 2009 అక్టోబరు 31న శాన్ ఆంటోనియోలో ఆట జరుగుచుండగా ఒక గబ్బిలము కోర్టుపై చక్కర్లు కొట్టి రిఫరీలను నిస్సహాయులను చేసెను. మాను జినోబిలి అను అర్జెంటీనా ఆటగాడు ఎగురుచున్న దానిని ఒక్క చేతిదెబ్బతో నేలగూల్చి, ఎత్తి బయటికి ఇచ్చెను. శాలయంతయు హర్షధ్వానములతో మారుమ్రోగినది. ఆయనకు మాత్రము రేబిస్ నివారణకై ఇంజెక్షన్లు తప్పలేదు. నౌపడకు చేరువనున్న తేలినీలాపురమున ఏటేట వచ్చు గూడబాతులను, ఎర్రకాళ్ళ కొంగలను కంటికి రెప్పగా కాపాడు గ్రామస్థులు ఆ దెబ్బను మెచ్చుకొందురని నేననుకొనను, నేనును మెచ్చుకొనలేను. 1979లో డారిల్ డాకిన్స్ మూడు వారములు దాటియుదాటకముందే రెండు పర్యాయములు బంతిని రింగులోనికి దూసిన ఊపునకు గాజుబోర్డు భళ్ళున పగిలి కోర్టంతయు చెల్లాచెదరయ్యెను. ఒత్తిడికి వంగి మరల యథాస్థితికి వచ్చు స్ప్రింగు రింగులు వాడుకలోనికి వచ్చుటకు ఆ పగిలిన గాజే ప్రేరణ.

నవ్వు వేరు, ఎగతాళి వేరు. 1993 ఏప్రిల్ 5న అమెరికా కళాశాలల తుదిపోటీలో మిచిగన్ జట్టు 73–71తో వెనుకబడి, 11 సెకండ్లు మిగిలియున్నప్పుడు, ఇరువదియేండ్ల క్రిస్ వెబర్ ప్రత్యర్థుల నడుమ చిక్కి టైమవుట్ కోరెను. జట్టుకు టైమవుట్లు అప్పటికే నిండుకొన్నవి. లేనిదానిని అడిగినందుకు టెక్నికల్ ఫౌల్ పడెను. నార్త్ కరోలినా 77–71తో గెలిచెను. కోట్లజనులు చూచుచుండగా ఒక బాలుడు చేసిన పొరపాటును ఏండ్లతరబడి ఎత్తిపొడిచినవారిని నేను రసికులనను. అతడు ఆట మానక, పేరుప్రతిష్ఠలు గడించి, 2021లో నైస్మిత్ పేరిట నెలకొన్న కీర్తిమందిరములో స్థానము పొందెను. రికీ డేవిస్ కథ ఇందుకు భిన్నము. 2003 మార్చి 16న, తన జట్టు గెలుపు ఖాయమైన తరువాత, స్వంత రికార్డుకు ఒక్క రీబౌండు తక్కువైనదని అతడు తమ రింగునకే బంతిని వేసి, తిరిగివచ్చిన దానిని పట్టుకొనెను. ఆ రీబౌండు లెక్కకు రాలేదు. అతని జట్టే అతనికి జరిమానా విధించెను. వెబర్ తడబాటున నాకు జాలి కలుగును. ఇతని యుక్తిలో ఆటపట్ల ప్రేమ కనిపింపదు.

స్కోరు వ్రాయువాని కలమువలన జరిగిన వింత మాత్రము అన్నిటికంటె విపరీతము. 2007 డిసెంబరు 19న అట్లాంటాలో అదనపు ఘట్టము నడుచుచుండగా, ఇంక 51.9 సెకండ్లు మిగిలియున్నవనగా, మయామి జట్టు మహాకాయుడు షకీల్ ఓ'నీల్‌కు ఆరు ఫౌళ్ళు నిండినవని చెప్పి బయటికి పంపిరి. నిజమునకు అతనివి ఐదే. మయామి ఫిర్యాదుచేయగా, విచారించిన లీగు అధికారులు అట్లాంటా జట్టుకు 50,000 డాలర్ల జరిమానా విధించి, ఆ 51.9 సెకండ్లను మరల ఆడవలెనని తీర్పుచెప్పిరి. అందుకు 2008 మార్చి 8వ తేదీ నిర్ణయమైనది. ఈలోపల ఓ'నీల్ ఫీనిక్స్ జట్టుకు మారిపోయెను. ఎవరికి జరిగిన అన్యాయమును సరిదిద్దుటకై ఆట మరల మొదలయ్యెనో, అతడు ఆ కోర్టులోనే లేడు. గడియారమును 51.9కి త్రిప్పి, స్కోరును 114–111 వద్ద నిలిపి, ఆటను ప్రారంభించిరి. ఎవరును ఒక్క పాయింటైనను చేయలేదు. 114–111తోనే అట్లాంటా గెలిచినదని ప్రకటించి, అదే కోర్టులో, అవే జట్లతో ఆనాటి అసలు పోటీని మొదలుపెట్టిరి.