కుకీల లెక్క వేరు, గూఢచారుల లెక్క వేరు

"తాతయ్యా, ఒక స్పైవేర్ స్కానర్ నా లాప్‌టాప్ అంతా గాలించి ఏమీ లేదంది. ఇంకొకటి వేస్తే వందకు పైగా ప్రమాదాలున్నాయని ఎర్రక్షరాలతో చూపించింది. మరి రెండోదే గట్టిదా?"

కాలేజీ పిల్లలు తరచూ అడిగే ప్రశ్నే ఇది. ఏమర్రా, ఆ జాబితా తెరిచి చదివారా? చాలాసార్లు పైనుంచి కిందిదాకా 'ట్రాకింగ్ కుకీ' అనే ఉంటుంది. వాటిని పక్కన పెడితే ఒక్కోసారి ఏమీ మిగలదు. అంటే రెండు స్కానర్లూ చెప్పింది ఒకే మాట. మొదటిది కుకీలను లెక్కలో వేసుకోలేదు, రెండోది వేసుకుంది.

కుకీ పుట్టింది 1994లో. నెట్‌స్కేప్ కంపెనీలో లూ మాంటులి అనే ఇంజనీరు దాన్ని కనిపెట్టాడు. వెబ్‌సైటుకు స్వతహాగా జ్ఞాపకశక్తి లేదు. మీరు ఒక పేజీ చూసి రెండోది నొక్కితే, కొత్త మనిషెవరో వచ్చారనుకుంటుంది. అలాంటి ఆన్‌లైన్ దుకాణంలో ఎవరు ఏ సరుకు బుట్టలో వేసుకున్నారో గుర్తుండేదెలా? గుడి ముందు చెప్పుల స్టాండులో చేతికో నంబరు బిళ్ల ఇస్తారు కదా. బిళ్లలో చెప్పులుండవు, మీ పేరూ ఉండదు. బిళ్ల చూపిస్తే అతను అర వెతికి మీ జత తీసిస్తాడు. కుకీ అలాంటి బిళ్లే. సరుకుల వివరం సైటువాళ్ల సర్వర్లో ఉంటుంది, నంబరు మాత్రం మీ బ్రౌజర్లో ఉంటుంది.

కావాలంటే కళ్లారా చూద్దాం రండి. క్రోమ్‌లో ఏదైనా వార్తల సైటు తెరిచి ఎఫ్12 మీట నొక్కండి. 'అప్లికేషన్' అన్నచోటికి వెళ్తే కుకీలన్నీ పట్టికగా కనిపిస్తాయి. ఆ సైటు గూగుల్ అనలిటిక్స్ వాడుతుంటే 'జీఏ' అనే పేరుతో ఒకటుంటుంది. దాని చివర రెండు పొడుగాటి సంఖ్యలు, మధ్యలో చుక్క. మొదటిది మీకు లాటరీలా తగిలిన నంబరు. రెండోది, 1970 జనవరి 1 నుంచి మీరు ఆ సైటుకు మొదటిసారి వచ్చిన క్షణం దాకా గడిచిన సెకన్లు! అక్కడ 1700000000 అని ఉంటే, మన గడియారం ప్రకారం 2023 నవంబరు 15 తెల్లవారుజామున 3 గంటల 43 నిమిషాలకు మీరు ఆ గడప తొక్కారన్నమాట. అంతకు మించి అందులో ఏమీ లేదు. ఒక్కో కుకీలో పట్టేది మహా అయితే 4 కిలోబైట్ల అక్షరాలు. అది ప్రోగ్రాం కాదు కాబట్టి దానంతటది నడవలేదు, మీ ఫైళ్లు తెరవలేదు, మైకు వినలేదు.

అలాగని దాన్ని అమాయకంగా వదిలెయ్యమనను. మీరు చూసే పేజీలో ప్రకటన పెట్టిన కంపెనీ కూడా తన కుకీని మీ బ్రౌజర్లో దాచగలదు. ఆ కంపెనీ ప్రకటనలు వేల సైట్లలో ఉంటే, పొద్దున మీరు చదివిన వార్తా, రాత్రి మీరు వెతికిన జబ్బు పేరూ ఒకే నంబరు కింద పోగవుతాయి. 1999లో డబుల్‌క్లిక్ అనే ప్రకటనల కంపెనీ అబాకస్ డైరెక్ట్ అనే సంస్థను కొన్నది. కోట్లాది అమెరికన్ కుటుంబాలు కేటలాగు చూసి పోస్టులో ఏమేం తెప్పించుకున్నాయో అబాకస్ దగ్గర పేర్లతో సహా ఉంది. నంబర్లకు పేర్లు తగిలించబోతున్నారని తెలిసి జనం గగ్గోలు పెట్టారు. అమెరికా ప్రభుత్వ ఫెడరల్ ట్రేడ్ కమిషన్ విచారణ మొదలుపెట్టింది. 2000 మార్చిలో కంపెనీ వెనక్కి తగ్గింది. ఆ రోజు జనం ఊరుకుని ఉంటే ఏమయ్యేదో తలుచుకుంటే నాకిప్పటికీ ఒళ్లు మండుతుంది.

ఇది గోప్యతకు జరిగే హాని. దీనికి స్కానర్ అక్కర్లేదు, బ్రౌజర్ సెట్టింగు చాలు. సఫారీ 2020 నుంచీ ఇలాంటి బయటివాళ్ల కుకీలను తనంతట తానే ఆపుతోంది. ఫైర్‌ఫాక్స్ అంతకు ముందే మొదలుపెట్టింది. క్రోమ్‌లో మాత్రం మీరే వెళ్లి 'థర్డ్ పార్టీ కుకీలు' ఆపాలి.

అసలు స్పైవేర్, అంటే గూఢచారి ప్రోగ్రాం, సంగతి వేరు. 2003లో కూల్‌వెబ్‌సెర్చ్ అని ఒకటి బయల్దేరింది. బ్రౌజరు తెరిస్తే మీ హోంపేజీ ఉండదు, వాళ్లది ఉంటుంది. పీకేస్తే మళ్లీ మొలిచేది, వారం వారం వేషం మార్చేది. యాడ్-అవేర్, స్పైబాట్ లాంటి పేరున్న స్పైవేర్ నిరోధక ప్రోగ్రాములే దానితో తంటాలు పడ్డాయి. అప్పుడు మెరిన్ బెలెకొమ్ అనే డచ్ విద్యార్థి సీడబ్ల్యూష్రెడర్ అనే బుల్లి పనిముట్టు రాసి అందరికీ ఉచితంగా ఇచ్చాడు. అది కుకీల జోలికే పోలేదు. ఆ ఒక్క రోగాన్నీ వేళ్లతో సహా పెకలించింది. స్పైవేర్ నిరోధకం గొప్పతనం అక్కడుంది.

ఈనాటికీ మాల్‌వేర్‌బైట్స్, విండోస్ డిఫెండర్ లాంటి స్కానర్లు కుకీలను లెక్కపెట్టవు. సూపర్‌యాంటీస్పైవేర్ లెక్కపెడుతుంది. దాన్ని తప్పనను, కానీ ఆ అంకె చూసి గుండెలు బాదుకోవద్దు. అంకెతో భయపెట్టి డబ్బు గుంజిన నకిలీలూ ఉన్నాయి, స్పైషెరిఫ్ అలాంటిదే. నిజంగా పోల్చాలంటే జర్మనీలోని ఏవీ-టెస్ట్, ఆస్ట్రియాలోని ఏవీ-కంపారటివ్స్ అనే పరీక్షా సంస్థల ఫలితాలు చూడండి. ఒక్కో స్కానర్ నిజమైన దొంగ ఫైళ్లను ఎన్నిటిని పట్టింది, మంచి ఫైళ్లను ఎన్నిసార్లు దొంగలంది, రెండూ కొలుస్తారు వాళ్లు.

కుకీల్లో నేను నిజంగా భయపడేది ఒక్కదానికే. మీరు లాగిన్ అయ్యాక సైటు ఇచ్చే కుకీ. అది చేతిలో ఉన్నవాడు మీరే అని సైటు నమ్ముతుంది. పాస్‌వర్డూ అడగదు, ఓటీపీ కూడా అడగదు. 2023 మార్చిలో కెనడాకు చెందిన లైనస్ టెక్ టిప్స్ అనే పెద్ద యూట్యూబ్ ఛానల్ దొంగల పాలైంది ఇలాగే. ఉద్యోగి ఒకరు స్పాన్సర్ పంపిన పీడీఎఫ్ అనుకుని తెరిచిన ఫైలు ఆ కుకీలను ఎత్తుకుపోయింది. ఇక్కడ కూడా చూడండి, దొంగ కుకీ కాదు, ఆ ఫైలు. మంచి స్కానర్ పట్టాల్సింది దాన్నే.

మన ఊళ్లలో ఆ ఫైలు ఇప్పుడు వాట్సాప్‌లో ఏపీకే అనే యాప్ రూపంలో వస్తోంది. ట్రాఫిక్ చలానా అంటుంది, పీఎం కిసాన్ డబ్బులంటుంది. నొక్కి ఇన్‌స్టాల్ చేస్తే మీ మెసేజులన్నీ, ఓటీపీలతో సహా, అవతలివాడు చదువుతాడు. 2020 చివర్లో తెలంగాణలో ఎన్ని ఇళ్లను లోన్ యాప్‌లు ఏడిపించాయో మీకు తెలుసు. ఫోన్లోని కాంటాక్టులు లాక్కుని, బంధువులందరికీ ఫోన్లు చేసి పరువు తీశాయి. ఏ కుకీకీ అంత చేత కాదు.

ఈ ఆదివారం ఇంట్లో అమ్మానాన్నల ఫోన్లు తీసుకుని, ఏ యాప్‌కు మెసేజులూ కాంటాక్టులూ చూసే అనుమతి ఉందో సెట్టింగుల్లో చూడండి. అక్కర్లేనివి తీసెయ్యండి. ఎవరైనా అలాంటి ఏపీకే నొక్కి డబ్బు పోగొట్టుకుంటే వాళ్లను కోప్పడకండి. ముందు నెట్ ఆపి, బ్యాంకుకు చెప్పి, వెంటనే సైబర్ నేరాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చెయ్యండి.