కంప్యూటర్‌లో ఫోన్ యాప్‌కు నెట్ రావట్లేదా? ఇలా చూడండి

జగిత్యాల, కోరుట్ల, సిరిసిల్ల నుంచి గల్ఫ్‌కు వెళ్లినవాళ్లు చాలామంది. దుబాయ్‌లో మామూలుగా వాట్సాప్ కాల్ కలవదు, బోటిమ్ లాంటి యాపే దిక్కు. ఫోన్ పాడైతే కంప్యూటర్‌లో ఎమ్యులేటర్ పెట్టుకుని అబ్బాతో మాట్లాడొచ్చు. అందులో 'నో ఇంటర్నెట్' అని వస్తే కంగారుపడొద్దు.

ముందు కంప్యూటర్ బ్రౌజర్‌లో ఏదైనా సైట్ తెరవండి. రాకపోతే రూటర్ చూడండి. ఎమ్యులేటర్ వాడేది కంప్యూటర్ నెట్‌నే. బ్రౌజర్‌లో వచ్చి ఇందులో రాకపోతే, మధ్యలో ఏదో అడ్డం ఉన్నట్టు. వరుసగా ఇవి చూడండి:

1. తేదీ, టైం సరిగా ఉన్నాయా? తప్పుంటే యాప్‌లు కనెక్ట్ కావు.
2. వీపీఎన్, ప్రాక్సీ ఆఫ్ చేయండి.
3. ఫైర్‌వాల్‌లో ఎమ్యులేటర్‌కు అనుమతి ఇవ్వండి.
4. పూర్తిగా మూసి తెరవండి. ఆండ్రాయిడ్ స్టూడియోలో అయితే 'కోల్డ్ బూట్' నొక్కండి.

డిలీట్ చేసి మళ్లీ ఎక్కించడం ఆఖరి మాట. బ్యాకప్ లేకుంటే అబ్బా పంపిన ఫొటోలు, చాట్‌లు పోతాయి.